మూడో పెరోల్ అర్జీ

"లియోను చంపినోడు నెల రోజులు పెరోల్ మీద బయటికి వస్తానంటా ఉండాడు. మీకేమన్నా అభ్యంతరం ఉండాదా అప్పా?"

కానిస్టేబుల్ మునిశంకర్ ఈ స్టేషన్‌కు కొత్త. ముళబాగిలు నుంచి బదిలీ అయి వారం కాలేదు. వాకిట్లో స్టూలు మీద కూర్చుని, కాగితాన్ని తొడ మీద పరుచుకున్నాడు.

"మెల్లగా మాట్లాడప్పా" అన్నాడు పీటర్.

పెరోల్ ఇచ్చే ముందు చనిపోయినవాడి తండ్రిని అడిగి రాసుకోవడం పద్ధతి. తను పనిచేసిన గని మూతపడ్డాక పీటర్‌ను ఎవరైనా అభిప్రాయం అడిగింది ఈ ఒక్క విషయంలోనే.

మొదటిసారి జెరోమ్ అర్జీ పెట్టింది చెల్లెలు ప్రిన్సీ పెళ్లికి. పీటర్ వద్దన్నాడు. చర్చిలో ఆ పెళ్లికూతురు తలెత్తి చూస్తే చూపు తిప్పుకున్నాడు. రెండోసారి, తల్లికి పక్షవాతం వచ్చిందని. అప్పుడూ వద్దన్నాడు. అదంతా లియో కోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ వద్దన్న ప్రతిసారీ లోపలెక్కడో సన్నగా ఒక సుఖం కదిలింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

"ఈసారి ఏం రాసినాడు?"

"మళ్లా వాళ్లమ్మ గురించేనప్పా. డాక్టర్లు చేతులెత్తేసినారంట. కొడుకు పేరే కలవరిస్తా ఉండాదంట."

"తెలుసు."

"మీరు వద్దంటే పైవాళ్లు ఇంగ ఒప్పుకోరు. వానికి తల్లి కడసారి చూపు దక్కదు."

పీటర్ గోడ మీది లియో ఫోటో వైపు చూశాడు. సంతకం పెడితే వీణ్ణి రెండోసారి చంపినట్టు. పెట్టకపోతే చంపేది ఎవరినో కూడా అతనికి తెలుసు.

"రాసుకో. అభ్యంతరం లేదు."

కాగితం అందుకుని సంతకం పెట్టాడు.

"పెద్ద మనసప్పా మీది."

"ఊరుకోప్పా. పెద్ద మనసయితే మూడుసార్లు అడిగించుకొంటానా?"

మునిశంకర్ నవ్వి, ఫైల్లోంచి ఇంకా చదవని రెండో కాగితం తీశాడు. "ఇంగ ఇది ఖైదీని ఇంట్లో పెట్టుకొని, గడువుకు మళ్లా జైలుకు పంపిస్తామని వాళ్ల నాయన పెట్టాల్సిన సంతకం. ఆ ఇల్లు యాడ?"

"ఇదే ఇల్లప్పా" అంటూ పీటర్ ఆ కాగితానికీ చెయ్యి చాచాడు, "వాడూ నా కొడుకే."