సన్నికల్లు

"ఆగండత్తయ్యా, దానిమీద నీళ్ళు పోయకండి!" రేవతి అత్తగారి చేతిలోని చెంబు లాక్కుంది.

జనక్‌పురిలో పొద్దుటినుంచీ కరెంటు లేదు. ఏసీ ఆగిపోయిన గదిలో, కూతురు స్నిగ్ధ ప్రాణంగా పెంచుకుంటున్న చించిల్లా అనే ఎలుకజాతి జంతువు బోనులో ఒరిగిపోయి రొప్పుతోంది.

"ఉడికిపోతోందే పాపం. తడపొద్దంటావేం?" అంది అత్తగారు అన్నపూర్ణేశ్వరి.

"దాని బొచ్చు మరీ దట్టం. తడిస్తే ఆరక చర్మం పాడవుతుంది. అందుకేగా స్నానానికి కూడా పొడిమట్టిలో పొర్లనిస్తాం!"

"మరి వాటి ఊళ్ళో ఎండ కాయదూ?"

"అవి చలికొండల్లో, బండల సందున బతుకుతాయి. బొచ్చుకోసం చంపేయగా అక్కడా ఏవో కాసిని మిగిలాయి." రేవతి ఫ్రిజ్ తెరిచి చూసి వచ్చింది. "ఫ్రిజ్‌లో ఐసు కూడా కరిగిపోయింది. స్నిగ్ధ స్కూలు నుంచి వచ్చే వేళైంది, దానికేం చెప్పను?"

అత్తగారు గబగబా వంటింట్లోకి వెళ్ళి, సన్నికల్లు మోసుకొచ్చింది. మిక్సీ ఉండగా చోటు దండగని, ఆ రాయిని పట్టుకుపొమ్మని పొద్దున్నే రేవతి పాతసామాన్లు కొనే కబాడీవాడికి రహస్యంగా చెప్పి ఉంది.

అన్నపూర్ణేశ్వరి ఆ చల్లటి రాయిని కొంగుతో పొడిగా తుడిచి బోనులో పెట్టింది. చించిల్లా దేక్కుంటూ వెళ్ళి దానికి పొట్ట ఆనించి పడుకుంది. కాసేపటికి రొప్పు తగ్గింది.

"నువ్వు ఆఫీసుకెళ్ళిన రోజుల్లో నాకూ ఇక్కడ ఊపిరాడదే," అంది ఆవిడ నేలమీద కూలబడుతూ. "అప్పుడు నేనూ ఈ రాయిమీదే చెయ్యేసుకుని కూచుంటాను."

కింద గేటు దగ్గర "కబాడీ!" అన్న కేక వినిపించింది. రేవతి బాల్కనీలోకి పరిగెత్తి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది.

"ఎవరే?"

"ఎవరూ కాదత్తయ్యా. ఇల్లు తప్పొచ్చాడు."