పగుళ్లు లేని షీటు

"ఫ్యాన్ ఎవడేసిండ్రా?"

సూపర్‌వైజర్ భానుప్రసాద్ అరుపుకు షెడ్డంతా ఉలిక్కిపడింది.

చొప్పదండి దారిలోని ఆ కార్ఖానాలో పింగాణీ పొడిని జిగురుతో, థిన్నర్‌తో కలిపి, కదిలే బెల్టు మీద బ్లేడుతో కాగితమంత పలుచగా పరుస్తారు. తడి ఆరకముందే గాలి తగిలితే షీటు పగుళ్లిస్తుంది. అందుకని భానుప్రసాద్ థిన్నర్ ఆవిరిని లాగే ఫ్యాన్‌నే ఆపేయిస్తాడు. ఈ సరుకు కూడా పాడైతే అతని ఉద్యోగం ఊడుతుంది.

ఇప్పుడు షీటు నిండా పగుళ్లే.

"నేనే ఏసిన సార్," అన్నాడు నిన్ననే పనిలో చేరిన రాయమల్లు. "వాసన చూడుండ్రి. జర నిప్పు తగిలితే అందరం మాడిపోతం."

"నాకే నేర్పుతవా?"

చెంప ఛెళ్లుమంది. కింద పడినవాణ్ణి డొక్కలో తన్నాడు. ఇనుప రాడ్డు అందుకుని బాదాడు. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. తెల్లటి షీటు మీద నెత్తురు చిందింది. షీటు పగిలితే ప్రాణం పోయినట్టు చేసే మనిషికి, ఎముక విరిగిన చప్పుడు వినిపించనే లేదు.

"సచ్చిపోతడు సార్!" పక్కన పనిచేసే మంజుల అడ్డం పడింది.

"సావనీ! నిరుడు సాయిచంద్‌గాడు సావలేదా? బీడీ ముట్టిచ్చిండు, కాలిపోయిండు. ఫ్యాన్‌తోని ఏం కాదు."

రాయమల్లు నెత్తురు ఉమ్మి తలెత్తాడు.

"గప్పుడు గూడ ఫ్యాన్ బందే ఉండెనా సార్?"

భానుప్రసాద్ ఇంకో దెబ్బ వేసి, గేటు బయటికి ఈడ్పించాడు. ఫ్యాన్ ఆపించి మళ్లీ బెల్టు నడిపించాడు.

అరగంటకు షీటు ఆరబెట్టే హీటర్ దగ్గర చిటుక్కుమంది.

షెడ్డు భగ్గుమంది. అందరూ బయటికి ఉరికారు. కూలిన రేకుల కింద కాలు ఇరుక్కుని భానుప్రసాద్ ఒక్కడే మిగిలాడు. చొక్కా అంటుకుంది. "అవ్వా!" అని పసివాడిలా ఏడ్చాడు.

పొగలోంచి ఎవరో వచ్చారు. ఒంటి చేత్తో రేకులు లేపి, అతన్ని తలుపు బయటికి నెట్టారు. ఆ వెంటనే పైకప్పు కూలింది. నెట్టిన మనిషి బయటికి రాలేదు.

మరునాడు కరీంనగర్ ఆస్పత్రిలో భానుప్రసాద్ కళ్లు తెరిచాడు.

"నన్ను గుంజింది ఎవరు?"

"మీరు కొట్టిన రాయమల్లే సార్," అంది మంజుల. "కొడుకు సచ్చినప్పుడు దుబాయ్‌ల ఉండెనట. ఆఖరిచూపుకు గూడ రాలే."

"ఎవరాయన కొడుకు?"

మంజుల కిటికీలోంచి చూపించింది: "మా సాయిచంద్ బీడీ ముట్టడు సారూ" అని నిరుడు కార్ఖానా గేటు ముందు తల బాదుకున్న అనసూర్య, ఇప్పుడు మొగుడి శవం పక్కన కూర్చుని ఉంది.