గేటు ముందు పెద్దన్నయ్య

"పక్కకి జరగండి. లోపల లైట్లు వేసేశారు," అన్నాడు స్టూడియో మేనేజరు.

పెద్దన్నయ్య జరగలేదు. టీవీ సీరియల్లో మిల్లు కార్మికుడి వేషం అతనిది. చెల్లెలంటే ప్రాణం పెట్టే అన్న. బయట కూడా అందరూ అతన్ని పెద్దన్నయ్య అనే పిలుస్తారు. ఇప్పుడు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక మిగతా నటీనటులంతా నేలమీద బైఠాయించారు.

ముందురోజు చెల్లెలి వేషం వేసే అమ్మాయి, తిండీ నిద్రా లేకుండా వరసగా చేసి చేసి, సెట్లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ముఖాన నీళ్ళు కొట్టి, మేకప్ సరిచేసి, మిగిలిన సీను తీసుకున్నాకే ఆసుపత్రికి పంపారు. తెల్లారేసరికి యూనియన్ సమ్మెకు దిగింది.

పని గంటలకు ఒక హద్దంటూ పెట్టేదాకా ఒక్కరూ లోపలికి రారని పెద్దన్నయ్య తెగేసి చెప్పాడు. మేనేజరు చొక్కా చేతులు తాపీగా మడుచుకున్నాడు.

"మీ ఇష్టం. సాయంత్రం ఎపిసోడ్ మాత్రం ఆగదు, మీరొచ్చినా రాకపోయినా."

అంటే వేరేవాళ్ళను పట్టుకొస్తారన్నమాట. అందరికీ ఒళ్ళు మండిపోయింది. బామ్మ వేషం వేసే ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే వెళ్ళి రోడ్డుకు అడ్డంగా పడుకుంది. ఏ కారొచ్చినా తన మీద నుంచే పోవాలంది.

అంతలో కెమెరా, మైకు పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. వార్తల వాళ్ళొచ్చారని ఎవరో అన్నారు. లోకమంతా వింటుందనుకునేసరికి పెద్దన్నయ్యకు ఎక్కడలేని ఊపూ వచ్చింది. మేనేజరు ఎదుటికెళ్ళి, అతని ముఖంలో ముఖం పెట్టి నిలదీశాడు.

"పడిపోయింది మా చెల్లెలయ్యా. నూనె పోసి మళ్ళీ తిప్పుకోడానికి మిషను కాదు. ప్రాణమే పోయుంటే ఏం చేసేవాడివి? శవానికి కూడా పౌడరు రాసి నిలబెట్టేవాడివా?"

మేనేజరు తల దించుకున్నాడు.

వెనక గోలలో మాట సరిగ్గా పడలేదని, ఇంకొక్కసారి చెప్పమని కెమెరా అతను బతిమాలాడు. పెద్దన్నయ్య మళ్ళీ చెప్పాడు. ఈసారి సగంలోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోకుండానే మిగతాది కూడా అడిగేశాడు.

సాయంత్రం దాకా ఒక్క కారూ గేటు దాటలేదు. సెట్లో ఒక్క షాటు కూడా తియ్యలేదని లైట్లవాళ్ళు బయటికొచ్చి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. బామ్మావిడను తలో చెయ్యీ వేసి లేపారు. ఇవాళ సీరియల్ రాకపోతే చూసేవాళ్ళే ఫోన్లు చేసి దులిపేస్తారు, రేపటికల్లా నిర్మాత దిగొస్తాడని చెప్పుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు బయల్దేరారు.

పెద్దన్నయ్య బొంగురు గొంతుతో, మనసు నిండా గెలుపుతో ఇంట్లో అడుగుపెట్టాడు. అతని అత్తగారు అప్పుడే టీవీ కట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగింది.

"సమ్మె అని చెప్పి పనిలోకే వెళ్ళారన్నమాట అల్లుడుగారూ. పోన్లెండి, మిల్లు గేటు ముందు ఆ మేనేజర్ని కడిగేశారు చూడండీ, ఇన్నేళ్ళలో మీరింత బాగా ఎప్పుడూ నటించలేదు."