పాల మాట

మతం ప్రకారం ఏది చేయొచ్చో, ఏది కూడదో చెప్పే ఫత్వా పెట్టె ఇంటింటికీ వచ్చాక కర్నూలులో ముఫ్తీ గడప తొక్కేవాళ్లే లేరు. ఖాదర్‌వలి పొద్దున్నే వంటింటి గోడకున్న పెట్టెను అడిగాడు.

"నాకు పాలిచ్చిన పక్కింటి ఓబుళమ్మ సచ్చిపోయింది. హిందువులామె. పాడె మోయొచ్చా?"

"పాలిచ్చినామె తల్లే. వెళ్లి మోయండి," అంది పెట్టె.

ఖాదర్‌వలి మొహం మాడ్చుకున్నాడు. ఆదివారం మసీదు కమిటీ ఎన్నిక. పాడె కింద తనను చూస్తే ఓటెవరేస్తారు? పాల మాట మింగేసి మళ్లీ అడిగాడు.

"పక్కింటామె సచ్చిపోయింది. హిందువులామె. పాడె మోయొచ్చా?"

"ఆమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"అయితే పరామర్శ చాలు. మోయనక్కర్లేదు."

పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఓబుళమ్మ కొడుక్కి ఆ జవాబే మళ్లీ వినిపించి పంపేశాడు.

ఖాదర్‌వలి తల్లి హుసేన్‌బీ మంచంలోంచి అంతా విన్నది. కాన్పులో ఆమెకు జ్వరమొచ్చి పాలింకిపోతే, పసివాడు బతికింది ఓబుళమ్మ పాలతోనే.

ఆమె గోడ పట్టుకుని లేచి, పెట్టె దగ్గరికి వచ్చింది.

"రేపు నేను సచ్చిపోతే నా జనాజా ఈ ఖాదర్‌వలి మోయొచ్చా?"

"అదేం మాట అమ్మీ!" అన్నాడు కొడుకు.

"అతను మీకేమవుతాడు?" అని అడిగింది పెట్టె.

"ఏమీ కాడు," అంది హుసేన్‌బీ.