ఇరుసు కొలత

కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఆమె తన మోటారు సైకిలు వెనక షాకబ్జార్ స్ప్రింగుల మధ్య మట్టి తీస్తోంది.

రోజూ చేసే పనే. తెల్లవారుతుండగా బేకరీ నుంచి రొట్టెల పెట్టెలు వెనక కట్టుకుని బయల్దేరడం, పొద్దెక్కాక ఇల్లు చేరడం, తను తినకముందే బండి తుడవడం.

ఈమధ్య ఆ ఓపికా పోయింది. మలుపు తిరిగితే చాలు, బండి వెనక భాగం తాగినవాడిలా తూలుతోంది. నిన్న రెండు పెట్టెలు రోడ్డుపాలయ్యాయి. ఇంకోసారి పడితే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు బేకరీ ఆయన.

అమ్మకి చెప్పలేదు. చెబితే బండి ఎక్కనివ్వదు.

వెనక చక్రాన్ని మోసే ఫోర్కు ఫ్రేముకి ఒక ఇరుసు మీద ఆడుతుంది. ఆ ఇరుసే వదులు. షాపులో తెచ్చినవి నాలుగు మార్చింది. ఏది వేసినా కంతలో కాస్త ఖాళీ మిగులుతుంది. రేకు ముక్క చుట్టి బిగిస్తే, నెల తిరక్కుండా కథ మళ్లీ మొదటికే.

"ఇరుసు దగ్గర ఆడుతోందా తల్లీ?"

గేటు దగ్గర ఓ పెద్దాయన. చేతిలో గుడ్డసంచి. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో కట్టుకున్నాడు.

ఆమెకి విసుగొచ్చింది. పాత బండి కంటపడితే చాలు, ఎవరో ఒకరు బేరానికి దిగుతారు.

"అమ్మేది లేదండీ."

"కొనడానికి రాలేదమ్మా. పోయిన వారం బజారులో నువ్వు మలుపు తిరుగుతుంటే చూశాను."

పిలవకుండానే లోపలికొచ్చి బండి పక్కన చతికిలబడ్డాడు. జ్వరం చూసినట్టు ఫ్రేము మీద చెయ్యి వేసి, సీటు కింద లావుపాటి అతుకు దగ్గర ఆగాడు.

"ఇది మా నాన్న అతికించింది," అందామె. "ఆయన పోయి మూడేళ్లయింది. ఇన్నేళ్లలో ఇక్కడ వెంట్రుకంత పగులు రాలేదు."

తండ్రి వదిలివెళ్లిన వాటిలో ఆమె పదిమందికీ చూపించుకునేది ఆ అతుకొక్కటే.

పెద్దాయన చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"మంచి చెయ్యి," అన్నాడు చివరికి.

సంచిలోంచి కాగితంలో చుట్టిన ఇరుసు తీశాడు. షాపువి ఈ ఫ్రేముకి పట్టవనీ, ఇది వేసి చూడమనీ అన్నాడు. దాని మీద ఏ కంపెనీ గుర్తూ లేదు. కొలవకుండా చేసింది ఎలా పడుతుందని ఆమె అడిగింది. పడుతుందన్నాడే గాని, ఎలాగో చెప్పలేదు. చూపు మందగించిందనీ, లేత్ మిషను ఇచ్చేశాననీ, దాని మీద ఆఖరున చేసింది ఇదేననీ, మధ్యాహ్నం బస్సుకి కూతురి దగ్గరికి పోతున్నాననీ ఏవేవో చెప్పుకుపోయాడు.

ఆమె కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. సగం మాటలు చెవికెక్కలేదు.

"గంట పని. నేనే బిగించి వెళ్తా," అంటూ ఆయన పానా అందుకోబోయాడు.

ఆమె దాన్ని ఇవతలికి లాక్కుంది.

"మా నాన్న పనితనం మీద మీరు చెయ్యి పెట్టక్కర్లేదు. వెళ్లి రండి."

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, ఇరుసుని గట్టు మీద పెట్టాడు.

"గ్రీజు దండిగా పెట్టు తల్లీ. ఎడమవైపు నుంచి తొయ్యి. కుడివైపు నుంచి వెళ్లదు."

తిని, కాసేపు నడుం వాల్చి లేచాక, వేరే దారి లేక ఆమె పాత ఇరుసు ఊడదీసింది. కావాలనే పెద్దాయన ఇరుసుని కుడివైపు నుంచి తోసింది. సగంలో ఆగిపోయింది.

ఎడమవైపు నుంచి అరచేత్తో నొక్కింది. వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

నట్లు బిగించి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపింది. నూలుపోగంత కూడా కదల్లేదు.

అప్పుడే లాండ్రీలో పని ముగించుకుని అమ్మ వచ్చింది.

"అమ్మా, ఈ ఫ్రేము కంత కొలత నాన్న ఎవరికైనా చెప్పాడా?"

అమ్మ నవ్వింది, అలసటగా. "మీ నాన్నకేం తెలుసే? లేత్ మిషను ఎటు తిరుగుతుందో కూడా తెలీదు. వెల్డింగ్ మంట చూస్తే రెండ్రోజులు కళ్లు మూసుకుని పడుకునేవాడు."

"మరి అతికించింది తనేనని..."

"నీకు ఐదేళ్లప్పుడు, నువ్వే బాగుచేశావా నాన్నా అని అడిగావు. ఊ అన్నాడు. నువ్వెళ్లి వీధంతా చాటావు. ఇక కాదనడానికి ఆయనకి మొహం చెల్లలేదు."

ఆమె చూపు సీటు కింద అతుకు మీదికి పోయింది.

అమ్మ చెప్పులు విప్పి గుమ్మంలో కూలబడింది. "అతికించినాయన అప్పుడే చెప్పాడట. కంత పెద్దది చెయ్యాల్సొచ్చింది, షాపు ఇరుసులు ఇక పట్టవు, అరిగినప్పుడల్లా నేనే చేసిస్తానని. చివరిదాకా మీ నాన్న ఆయన దగ్గరికే పోయేవాడు. నా కూతురు ఎప్పుడైనా అడిగితే మీ నాన్నే చేశాడని చెప్పు అని ఆయన దగ్గర మాట కూడా తీసుకున్నాడు."

గోడ గడియారం నాలుగు కొట్టింది.

"కళ్లద్దాల కాడకి ఎప్పుడు చూసినా దారం కట్టుకుని ఉంటాడని మీ నాన్న నవ్వేవాడు," అంది అమ్మ.

ఆమె గ్రీజు చేతులతోనే చెప్పులేసుకుని, గేటు దాటి బస్టాండు దారి పట్టింది.