రక్తం గ్రూపు అడిగిన మనిషి

"మీ రక్తం ఏ గ్రూపండీ?"

టీ గ్లాసు నోటిదాకా ఎత్తిన ఇకెర్ అక్కడే ఆగిపోయాడు.

హనోయి పాతబస్తీలో విదేశీయులు దిగే సందు అది. కాలిబాట మీద జానెడెత్తు ప్లాస్టిక్ పీటలు, ఐసు వేసిన టీ. ఎదురుగా నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో చిన్న నోటుపుస్తకం. వచ్చీరాని ఇంగ్లీషు.

ఇకెర్, నెరేయా కొత్తగా పెళ్ళయిన జంట. వీపున బ్యాగులేసుకుని స్పెయిన్‌లోని బిల్బావు నుంచి వచ్చి రెండు రోజులే అయింది. వచ్చీరాగానే ఆదిలోనే హంసపాదు. టాక్సీవాడు వాళ్ళడిగిన హోటల్ మానేసి, అదే పేరు తగిలించుకున్న ఇంకో హోటల్ ముందు దింపాడు. సాయంత్రం ఇంకొకడు అడక్కుండానే ఇకెర్ చెప్పు ఊడదీసి, బంక పూసి, కూలి ఇచ్చేదాకా వదల్లేదు. పాలు తాగి మూతి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు కదా.

"గ్రూపు మీకెందుకు?" అన్నాడు ఇకెర్.

"అవసరం. చాలా అవసరం. అది మీ దేశాలవాళ్ళ దగ్గరే దొరుకుతుంది."

"నాది ఓ నె..." అనబోయింది నెరేయా.

ఇకెర్ ఆమె మోకాలు గట్టిగా నొక్కాడు. "ఇద్దరిదీ ఓ పాజిటివ్."

ఆ మనిషి మొహం వాడిపోయింది. అయినా పుస్తకంలో రాసుకున్నాడు.

"ఏ హోటల్లో దిగారు? అక్కడ మీవాళ్ళింకెవరైనా ఉంటే..."

"మేం చెప్పం. వెళ్ళండి."

టీ అమ్మే ఆవిడ ఆ మనిషికి ఒక గ్లాసు అందిస్తూ తమ భాషలో అంది. "ముందు ఇది తాగు అన్నయ్యా. పొద్దుట్నుంచీ గొంతెండబెట్టుకుని తిరుగుతున్నావు."

ఆ భాష ఇకెర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరూ ఒకే ముఠా అని మాత్రం తేల్చేసుకున్నాడు.

"కిడ్నీలు కోసుకుపోయేవాళ్ళు ఇలాగే మొదలుపెడతారు. ముందు గ్రూపు, తర్వాత హోటల్" అన్నాడు గదికి వెళ్ళాక.

"నీ కిడ్నీ ఎవడిక్కావాలి? సగం బీరే అందులో."

"నవ్వకు. ఇది మన ఊరు కాదు."

"మన ఊళ్ళో అయితే అడిగినవాడికి అబద్ధం చెప్పేవాడివా?" అంది నెరేయా. ఇకెర్ లేచి తలుపు గడియ ఇంకోసారి చూసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ మనిషి మళ్ళీ కనిపించాడు. ఎవరో ఇద్దరు విదేశీయుల ముందు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. వీళ్ళని చూసి పలకరింపుగా చెయ్యెత్తాడు.

"పద, పద" అంటూ ఇకెర్ నెరేయా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాగాడు.

ఈ ఊళ్ళో రోడ్డు దాటడానికి ఒకటే పద్ధతి. అడుగులో అడుగు వేసుకుంటూ ఒకే నడకన పోవాలి, బళ్ళే తప్పుకుపోతాయి. పరుగెత్తకూడదు, ఆగకూడదు. ఇకెర్ ముందు పరుగెత్తాడు, నడిమధ్యలో బెదిరిపోయి ఆగాడు. తప్పుకోబోయిన స్కూటరు నెరేయాని ఈడ్చుకుపోయింది.

తొడ చీరుకుపోయి రక్తం ధారగా పోతోంది. ఇకెర్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ మనిషే పరుగెత్తుకొచ్చాడు. తన చొక్కా విప్పి ఆమె తొడకి బిగించి కట్టాడు. టాక్సీ ఆపి, ఎత్తి పడుకోబెట్టి, తనూ ఎక్కాడు. అప్పుడు కూడా ఇకెర్ పాస్‌పోర్టుల బ్యాగు పొట్టకి అదుముకునే కూర్చున్నాడు.

"ఓ పాజిటివే కదా? నిన్న చెప్పారు" అన్నాడు ఆ మనిషి.

ఇకెర్ బ్యాగు మీంచి చేతులు తీశాడు.

"కాదు. నాదొక్కటే పాజిటివ్. ఈమెది ఓ నెగెటివ్."

బిల్బావులో ముగ్గురిలో ఒకరికి నెగెటివే ఉంటుంది, అక్కడ అదొక విశేషమే కాదు. ఇక్కడ వెయ్యిమందిలో ఒకరికి కూడా ఉండదు.

ఆ మనిషి ఇకెర్ వంక చూశాడు. తిట్టలేదు. పాలిపోతున్న నెరేయా మొహం వంక చూశాడు. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. అవతలివాళ్ళు ఏదో వద్దంటున్నట్టున్నారు. ఈయన మాత్రం ఒకే మాట రెండుసార్లు గట్టిగా చెప్పి పెట్టేశాడు.

ఆసుపత్రికి చేరేసరికి రక్తం సిద్ధంగా ఉంది. పరీక్ష చేసి వెంటనే ఎక్కించారు.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి గండం గడిచిందన్నాడు. ఇకెర్ గోడకానుకుని భోరున ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆ మనిషి లేడు. సిగ్గుచేటే గానీ, మొహం చూపించే బాధ తప్పినందుకు ఇకెర్‌కి ప్రాణం తేలికపడింది.

నర్సు సంతకం కోసం కాగితం తెచ్చింది.

"ఇంత త్వరగా రక్తం ఎలా దొరికిందమ్మా?"

"దొరకలేదు. ఇంకొకరి కోసం ఉంచింది ఇచ్చాం. మీతో వచ్చారే, థుయ్ గారు, ఆయన ఇమ్మన్నారు. రెండు ప్యాకెట్లు కావాలని మేమంటే, వారం రోజులు తిరిగి సంపాదించిన ఒక్క ప్యాకెట్ అది."

"ఎవరి కోసం?"

నర్సు పై అంతస్తు వైపు చూపించింది.

"ఆయన కూతురు అక్కడే ఉంది. ఆ అమ్మాయిదీ ఇదే గ్రూపు. రేపు తెల్లారగానే కాన్పు ఆపరేషన్."

ఇకెర్ చేతిలో కలం ఆగిపోయింది.

"ఆయనెక్కడున్నారు? నేనొకసారి కలవాలి."

"ఇక్కడ లేరు బాబూ, మళ్ళీ మొదటినుంచీ అడుక్కోవాలిగా, మీ విదేశీయుల సందుకే వెళ్ళారు."