ఖాళీ ఉయ్యాల అడిగిన ప్రశ్న

తెలిసిన నిజాన్ని చెప్పకుండా ఊరుకోవడం అబద్ధం కిందికి వస్తుందా, రాదా? దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడల్లా ఆరేళ్ళుగా ఆమెకు ఇదే సందేహం. దేవుడు ఏనాడూ జవాబు చెప్పలేదు. ఆమే గట్టిగా అడగలేదేమో.

ఉదయం ఆరూ యాభై. పటం ముందు నిలబడే ఉంది, చేతిలో ఫోను. కంపెనీ పేజీలో, కొత్త జెయింట్ వీల్ ఫొటో కింద, ఆ ప్రశ్న అప్పుడే పడింది.

“పాత వీల్‌కి బ్రేకు పట్టడం లేదని వారం ముందే రాసిచ్చిన కాగితం ఏమైంది?”

అడిగిన అకౌంటు పేరు ‘ఖాళీ ఉయ్యాల’. దానికి ముఖం లేదు, ఊరు లేదు.

“మళ్ళీ వచ్చిందా?” వంటింట్లోంచి భర్త అడిగాడు.

“వచ్చింది.”

“నిజాలకి ఇస్త్రీ చేసే ఉద్యోగం మనకొద్దే అంటే విన్నావా?”

“మీరు చొక్కాకే సరిగ్గా చెయ్యరు, నాకు చెప్పొచ్చారు,” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆమె పనిచేసేది ఒక వినోదాల పార్కులో. పార్కు గురించి జనానికి మంచి చెప్పాలి, చెడు వినబడితే సర్దిచెప్పాలి. ఆమె బల్ల ఎదురుగా మేనేజరు అంటించిన కాగితం ఉంటుంది: ‘నొక్కేముందు ఏ అకౌంటులో ఉన్నావో చూసుకో.’ అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ అత్తగారి మీద కోపం కొద్దీ సొంత పేజీలో పెట్టుకోవాల్సిన మాటని మరుపున కంపెనీ పేజీలో పెట్టేసింది. అత్తగారికంటే ముందు పదివేలమంది చదివారు. మధ్యాహ్నానికల్లా కుర్చీ ఖాళీ అయింది.

మేనేజరు ఆ రోజు తలుపు వేసి మరీ మాట్లాడాడు.

“కొత్త వీల్‌కి ‘భద్రతే మా దైవం’ అని నువ్వు రాసిన రోజునుంచీ మొదలైంది. రెండు నెలలు. రోజూ అదే ప్రశ్న. ఏం చేస్తున్నావమ్మా?”

“చూస్తూనే ఉన్నానండీ.”

“చూస్తూ కూర్చుంటే పోతుందా? ఆ కాగితం సంగతి ఎవరెవరికి తెలుసు? నాకు, నీకు, రాసిన చక్రం బాబాయికి. నేను అడగను. నువ్వు అడగవు. ఇంకెవరు మిగిలారు?”

ఆమె నెమ్మదిగా అడిగింది.

“ఆయనకి ఇవన్నీ చేతనవుతాయంటారా?”

“ఇవాళా రేపూ పాలు తాగే పసివాడికీ చేతనవుతాయి. రేపు పదింటికి పోలీసులకి ఫిర్యాదు ఇస్తున్నాం. ఆయన పేరుతో సహా ప్రకటన రాసిపెట్టు. ఆరేళ్ళ కిందట రాశావు చూడు, అచ్చం అలాగే. చల్లగా, చక్కగా.”

ఆరేళ్ళ కిందట పాత వీల్ ఆగక ఇద్దరు కిందపడ్డారు. కాళ్ళు విరిగాయి. ‘నడిపే వ్యక్తి నిర్లక్ష్యం’ అని ఆమే రాసింది. వీల్ నడిపే ఆయన్ని పార్కులో అందరూ చక్రం బాబాయి అనేవారు. పోలీసులు తీసుకెళ్తుంటే ఆయన ఆమె వైపు తిరిగి, “అమ్మా, కాగితం మీ చేతికే ఇచ్చాను కదా. ఆ ఒక్కమాట చెప్పండి, చాలు,” అన్నాడు.

“రేపు చెబుతాను బాబాయ్,” అంది. ఆయన మూడు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ రేపు మాత్రం రాలేదు.

సాయంత్రం ఆమె కాళ్ళు ఇంటివైపు కాక ఆయన ఇంటివైపు నడిచాయి. గుమ్మంలో కూర్చుని తాళాలు బాగుచేస్తున్న బాబాయి గబగబా లేచి స్టూలు తుడిచాడు.

“ఎవరో మహానుభావులు రోజూ అడుగుతున్నారటమ్మా. మా అమ్మాయి చదివి చెప్పింది. ఇన్నేళ్ళలో నా పక్షాన లేచిన గొంతు అదొక్కటే. కానీ...” చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “కాస్త ఆపమని చెప్పగలరా? నిన్న మీ కంపెనీ మనిషి వచ్చి నా ఫోను చూపించమన్నాడు. చూపించాను.”

జేబులోంచి తీశాడు. బటన్ల ఫోను.

“దీంతో ప్రశ్న అడగాలంటే అరవాలి,” అని నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. “నమ్మినట్టు లేడమ్మా. నేను మళ్ళీ ఆ జైలు గదిలోకి వెళ్ళలేను. ఈసారి వెళ్తే తిరిగి రాను.”

ఆమె స్టూలు మీంచి లేవబోయింది.

“మంచినీళ్ళు తాగండమ్మా. ముఖం అలా పాలిపోయిందేం? మీకేం భయం?”

గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది.

మర్నాడు ఉదయం ఆరూ యాభై. ఆమె దేవుడి పటాన్ని పక్కకి జరిపింది. వెనక నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. మడతల దగ్గర చిరుగుపట్టింది గాని, ‘బ్రేకు పట్టడం లేదు’ అన్న అక్షరాలు చెదరలేదు. ఫొటో తీసింది. కింద రాసింది.

“ఈ కాగితం వారం ముందే నాకు అందింది. చక్రం బాబాయి తప్పేమీ లేదు. తప్పు ఆయనదని రాసిన చెయ్యి నాది.”

ఫోను పైభాగాన ఉన్న పేరు ఒకసారి చూసుకుంది. కళ్ళు మూసుకుని నొక్కింది. ఆరేళ్ళ కిందట రేపు చెబుతానన్న మాట ఇవాళ చెప్పేసింది.

ఏడు కాకముందే మేనేజరు ఫోను చేశాడు.

“ఏం చేశావో తెలుస్తోందా? అది కంపెనీ పేజీ! అకౌంటు మార్చుకోవడం మర్చిపోయావా?”

“రోజూ మార్చుకునే అడిగానండీ, ఇవాళ మార్చుకోలేదు.”